భద్రాద్రి కల్యాణంలో మూడవ సూత్రం

చైత్ర శుద్ధ నవమి శ్రీరామచంద్రుని జన్మదినం. సీతారాముల వివాహం ఉత్తరఫల్గునీ నక్షత్రాన జరిగినట్లు వాల్మీకి మహర్షి తెలిపినప్పటికీ, మన తెలుగునాట స్వామి పుట్టినరోజునే కల్యాణం జరిపించుకోవడం ఆచారమైంది. భద్రాచలంలో అభిజిత్ లగ్నాన జరిగే ఆ వేడుకను మీరు ప్రత్యక్షంగానో, ఇంట కూర్చునో దర్శించే ఉంటారు. అక్కడ అమ్మవారికి మూడు మంగళసూత్రాలు ధరింపజేస్తారన్న సంగతి గమనించారా? ఒకటి దశరథుని పక్షానిది, మరొకటి జనకునిది. మూడవది భక్త రామదాసుది.

రామదాసుగా మనం కొలిచే కంచర్ల గోపన్న 17వ శతాబ్దిలో, నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించాడు. గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా (1672-1687) కొలువులో మంత్రాంగం నెరపిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలు. వారి ప్రాపకంతో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. శిస్తు వసూలు చేసి గోల్కొండకు పంపడం ఆయన విధి. గోదావరి తీరాన భద్రగిరిపై పోకల దమ్మక్క పందిరి వేసి పూజించుకుంటున్న మూర్తులను దర్శించిన నాటినుండి ఆయన చిత్తం అక్కడే నిలిచిపోయింది.

గర్భాలయం, ప్రాకారాలు, మండపాలు ఒక్కొక్కటే లేచాయి. భక్తుల విరాళాలు చాలక శిస్తు ధనాన్ని వెచ్చించాడు. ఈ మాటను మనం దాటవేయరాదు. అది ఏలినవారి సొమ్ము. అనుమతి లేకుండా వాడడం ఉద్యోగ ధర్మానికి విరుద్ధమే. అయితే తనకంటూ ఒక్క వరహా దాచుకోలేదు. లెక్క అడిగిన నాడు చూపడానికి ఆయన వద్ద గుడి మాత్రమే ఉంది.

గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మ్రగ్గాడని సంప్రదాయం. ఆయన కీర్తనలలో నాకు మిక్కిలి ప్రియమైనది, స్వామికే లెక్క అప్పజెప్పిన కీర్తన. సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణునికి ముత్యాల పతకం, భరతునికి పచ్చల పతకం, రామయ్యకు కలికితురాయి... ఏది ఎంతకు చేయించాడో పేరుపేరునా చెబుతాడు. ఇవన్నీ నీ తండ్రి పెట్టాడా, నీ మామ పంపాడా అని నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బలకు తాళలేక తిట్టాను, మన్నించమని కాళ్లపై పడతాడు. నిందాస్తుతి చేసినవారు ఎందరో ఉన్నారు. ఒంటిమీద దెబ్బలతో చేసినవారు అరుదు.

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి తానీషా చేత రసీదు వ్రాయించుకున్న కథ మీ ఇంట పిల్లలకు సైతం తెలుసు. ఆపై కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే మర్యాద తానీషాతోనే మొదలైందంటారు. నేటికీ అవి ప్రభుత్వ పక్షాన వస్తున్నాయి.

మాంగల్యధారణకు ముందు అర్చకులు సూత్రాలను ఎత్తి భక్తులకు చూపుతారు. తండ్రి పెట్టినది, మామ పంపినది, వాటి ప్రక్కనే గోపన్న చేయించినది. ఈ నవమినాడు ఆ మూడవదానిని గుర్తించి నమస్కరించండి.