జెరూసలేము విజేత సలాహుద్దీను

జెరూసలేము యూదులకును, క్రైస్తవులకును, ముస్లిములకును పుణ్యక్షేత్రము. అందుచేతనే ఆ నగరమునకై పలుమార్లు ఘోరయుద్ధములు జరిగినవి. 1099వ సంవత్సరమున యూరపు ఖండమునుండి మతయుద్ధమునకై తరలివచ్చిన క్రూసేడు యోధులు దానిని జయించి, స్త్రీలని, బాలురని చూడక పురజనులను వధించిరి. 88 ఏండ్ల తరువాత ఆ నగరమును తిరిగి గెలిచిన వీరుడు సలాహుద్దీను.

సలాహుద్దీను కుర్దు జాతివాడు. 1137వ సంవత్సర ప్రాంతమున టైగ్రిసు నదీతీరమందలి తిక్రీతు పట్టణమున జన్మించెను. తండ్రి పేరు అయ్యూబు. సలాహుద్దీను సిరియా ప్రభువగు నూరుద్దీను కొలువున చేరి, పినతండ్రియగు షీర్కూహు వెంట ఈజిప్టు దండయాత్రలకు పోయి యుద్ధవిద్యలో ఆరితేరెను. 1169లో ఈజిప్టునకు మంత్రి యయ్యెను. 1174లో నూరుద్దీను మరణింపగా డమాస్కసు నగరమును వశపరచుకొనెను. పిమ్మట పండ్రెండేండ్లపాటు సాటి ముస్లిము ప్రభువులతో పోరాడియు, సంధి చేసికొనియు, ఈజిప్టు సిరియాలను ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చెను.

అంతలో రేనాల్డు అను క్రూసేడు ప్రభువు సంధి నియమమును మీరి వర్తకుల బిడారును దోచుకొనెను. సలాహుద్దీను పరిహారము కోరినను అతడు లక్ష్యపెట్టలేదు. యుద్ధము తప్పలేదు. 1187 జూలై 4వ తేదీన హత్తీను గుట్టల కడ, మండుటెండలో నీరులేక అలమటించుచున్న క్రూసేడు సైన్యమును సలాహుద్దీను చుట్టుముట్టి ఓడించెను. చెరపట్టిన రాజును గౌరవముతో చూచెను. మాట తప్పిన రేనాల్డును మాత్రము స్వహస్తముతో సంహరించెను.

సెప్టెంబరు 20వ తేదీన జెరూసలేము ముట్టడి ఆరంభమయ్యెను. కొన్ని దినములలోనే కోటగోడ ఒకచోట కూలెను. పురవాసులు మొదట లొంగుటకు ఒప్పుకొననందున, నగరమును కత్తితోనే గెలిచెదనని సలాహుద్దీను శపథము చేసియుండెను. ఇప్పుడు నగరరక్షకుడగు బేలియను వచ్చి అభయము వేడెను. అభయము లభింపనిచో పవిత్రస్థలములను కూల్చి, చెరలోని ముస్లిములను చంపి, కడదాక పోరాడి మరణింతుమని తెలిపెను. సలాహుద్దీను ఎదుట రెండు దారులుండెను: ఒకటి 1099 నాటి పగ తీర్చుకొనుట, రెండవది నగరమును, జనమును కాపాడుట. అతడు తన వారితో ఆలోచించి రెండవ దారినే ఎన్నుకొనెను.

పురుషునకు 10, స్త్రీకి 5 దీనారముల చొప్పునను, పిల్లలకు అంతకంటె తక్కువగను చెల్లించినవారు 40 దినములలో వెడలిపోవచ్చునని ఒడంబడిక జరిగెను. అక్టోబరు 2వ తేదీన సలాహుద్దీను నగరము ప్రవేశించెను. వీధులలో కావలివారు నిలిచిరి, ఊచకోత జరుగలేదు. బేలియను 30,000 దీనారములిచ్చి వేలకొలది పేదలను విడిపించెను. సలాహుద్దీను తమ్ముడు ఆదిలు వేయిమంది బందీలను అడిగి పుచ్చుకొని విడిచిపెట్టెను. సలాహుద్దీనుకూడ వృద్ధులను ఊరక పోనిచ్చెను. అయినను ధనమియ్యలేని వేలాదిమంది దాసులైరి. అది ఆ విజయమునకు మచ్చయే.

తరువాత ఇంగ్లండు రాజగు రిచర్డు దండెత్తి వచ్చెను గాని, జెరూసలేమును గెలువలేకపోయెను. 1192లో జరిగిన సంధివలన క్రైస్తవ యాత్రికులు ఆ క్షేత్రమును నిర్భయముగా దర్శింపగలిగిరి. 1193 మార్చి 4వ తేదీన సలాహుద్దీను డమాస్కసులో మరణించెను. అతని సొంత ధనాగారమున మిగిలినవి ఒక్క బంగారు నాణెమును, 47 వెండి నాణెములును మాత్రమే. నగరములు గెలిచిన రాజులు చరిత్రలో పెక్కుమంది కలరు. గెలిచిన దినమున తన కోపమును గెలిచినందుననే సలాహుద్దీనును శత్రువులు సయితము కొనియాడిరి.