మేరీ గ్లౌరీ

డాక్టర్ మేరీ గ్లౌరీ (1887 జూన్ 23 - 1957 మే 5) ఆస్ట్రేలియా దేశానికి చెందిన వైద్యురాలు, కాథలిక్ మఠకన్య. మఠంలో చేరిన తరువాత ఈమె పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. గుంటూరు కేంద్రంగా మూడు దశాబ్దాలకు పైగా తెలుగు ప్రజలకు, ముఖ్యంగా స్త్రీలకు, పసిపిల్లలకు వైద్యసేవలు అందించింది. గుంటూరులోని సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి ఈమె కృషితో ఏర్పడింది. 1943లో ఈమె స్థాపించిన సంఘమే నేటి కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. మఠకన్యలు వైద్యవృత్తి చేయడాన్ని చర్చి చట్టం అనుమతించని రోజులలో, పోపు ప్రత్యేక అనుమతితో వైద్యం చేసిన మఠకన్యగా ఈమె ప్రసిద్ధురాలు.

బాల్యము, విద్యాభ్యాసము

మేరీ గ్లౌరీ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బిర్రెగుర్రా అనే చిన్న ఊరిలో జన్మించింది. తండ్రి ఎడ్వర్డ్, తల్లి మార్గరెట్. తొమ్మిదిమంది సంతానంలో ఈమె మూడవది. కొంతకాలానికి కుటుంబం అదే రాష్ట్రంలో వర్షాభావానికి పేరుపడిన మాలీ ప్రాంతపు వాచెమ్ గ్రామానికి తరలివెళ్ళింది. చదువులో చురుకైన మేరీ ఉపకారవేతనం సంపాదించి, చిన్న వయసులోనే ఇల్లు విడిచి మెల్‌బోర్న్‌లో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేసింది.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట సాహిత్య విభాగంలో చేరి, పిదప వైద్యశాస్త్రానికి మారింది. ఆ విశ్వవిద్యాలయం వైద్య విద్యలో స్త్రీలకు తొలిసారి ప్రవేశం కల్పించినది 1887లో, అంటే సరిగ్గా ఈమె పుట్టిన సంవత్సరంలోనే. 1910లో మేరీ వైద్య పట్టా పొందింది. స్త్రీ వైద్యులకు ఆసుపత్రులలో ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉన్న ఆ కాలంలో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో రెసిడెంట్ వైద్యురాలిగా నియమితురాలైంది. తిరిగి వచ్చిన తరువాత మెల్‌బోర్న్‌లోని కంటి, చెవి ఆసుపత్రిలోను, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోను పనిచేస్తూ, నగరంలో ప్రముఖ వైద్యులు ఉండే కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు కూడా నడిపింది.

1916లో మెల్‌బోర్న్‌లో కాథలిక్ స్త్రీల సాంఘిక సేవా సంఘం ఏర్పడినప్పుడు మేరీ దానికి మొదటి అధ్యక్షురాలయింది. స్త్రీల ఆరోగ్యం, పిల్లల పెంపకం, పనిచేసే స్త్రీల పరిస్థితులు మొదలైన విషయాలపై ఉపన్యాసాలు ఇచ్చింది, వ్యాసాలు వ్రాసింది.

భారతదేశానికి రావాలనే నిర్ణయము

1915 అక్టోబరులో మేరీ చదివిన ఒక చిన్న పుస్తకం ఈమె జీవిత మార్గాన్ని మార్చివేసింది. అది స్కాట్లాండు వైద్యురాలు డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ (1837-1913) గురించినది. భారతదేశంలో ఘోషా పద్ధతి కారణంగా ఎందరో స్త్రీలు పురుష వైద్యులకు చూపించుకోలేక కాన్పు సమయంలోను, సాధారణ జబ్బులతోను మరణించడం మెక్‌లారెన్ గమనించింది. ఆమె రావల్పిండిలో స్త్రీల ఆసుపత్రి ఏర్పాటుకు కృషి చేసింది. మఠకన్యలకు వైద్యం చేసే అనుమతి ఇవ్వాలని అనేకసార్లు రోముకు వెళ్ళి విన్నవించింది. ఆ కోరిక తీరకుండానే ఆమె 1913లో మరణించింది.

ఈ చరిత్ర చదివిన మేరీ తాను వెళ్ళవలసినది భారతదేశానికేనని నిశ్చయించుకుంది. అయితే వెంటనే బయలుదేరలేదు. యుద్ధకాలం కావడం, సంఘ బాధ్యతలు ఉండడం వలన నాలుగేళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. ఆ కాలాన్ని వృథా చేయక ప్రసూతి, స్త్రీవ్యాధి, నేత్రవైద్య శాస్త్రాలలో ఉన్నత విద్య అభ్యసించి 1919లో ఎం.డి. పట్టా సాధించింది. భారతదేశంలో తనకు అవసరం కాగల విషయాలనే ఈమె ఎన్నుకోవడం గమనించదగినది. 1920 జనవరిలో ఓడ ఎక్కింది. ఆ తరువాత ఈమె ఆస్ట్రేలియాకు తిరిగి వెళ్ళలేదు.

గుంటూరులో సేవ

1920 ఫిబ్రవరిలో మేరీ గుంటూరు చేరి జీసస్ మేరీ జోసెఫ్ సభలో చేరింది. జె.ఎం.జె. సభగా తెలుగునాట సుపరిచితమైన ఈ సభ 1822లో నెదర్లాండ్స్‌లో స్థాపితమైంది. డచ్చి మఠకన్యలు 1904లో గుంటూరు వచ్చి బడి, చిన్న మందుల గది నడుపుతూ ఉండేవారు. వారిలో వైద్యులెవరూ లేరు.

అప్పటికే గుంటూరులో లూథరన్ మిషన్‌కు చెందిన అమెరికా వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ప్రారంభమైన ఆసుపత్రిని నడుపుతున్నది. నిజాం రాజ్యంలో నిజామాబాదు సమీపాన గల డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి స్థాపించారు. నేడు కామారెడ్డి జిల్లాగా ఉన్న కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు 2016 వరకు ఆ నిజామాబాదు జిల్లాలోనివే. ఈ విధంగా తెలుగు ప్రాంతాలలో స్త్రీ వైద్యుల సేవ ప్రొటెస్టంట్ మిషన్లలో ముందుగానే మొదలైంది. కాథలిక్ సభలలో మాత్రం వైద్య పట్టా గల మఠకన్య ఉండడం కొత్త విషయం.

మఠంలోని మందుల గది క్రమంగా ఆసుపత్రిగా పెరిగింది. మలేరియా, కలరా, టైఫాయిడ్, కంటిజబ్బులు, కష్టమైన కాన్పులు ఈమె వద్దకు ఎక్కువగా వచ్చేవి. ఆసుపత్రికి రాలేనివారి కొరకు చుట్టుపక్కల గ్రామాలకు వెళ్ళి వైద్యం చేసేది. కాలక్రమంలో ఈ సంస్థ ద్వారా చికిత్స పొందినవారి సంఖ్య లక్షలకు చేరింది.

ఒక్క వైద్యురాలు ఎంత శ్రమించినా పని ముగియదని మేరీ త్వరలోనే గ్రహించింది. అందువలన స్థానిక యువతులకు మందులు కలపడం, నర్సింగు, మంత్రసాని పనులలో శిక్షణ ఇచ్చింది. అంతేకాక ఈ దేశపు మూలికా వైద్యాన్ని కూడా ఆసక్తితో పరిశీలించింది. విదేశీ మందులు ఖరీదైనవి, అందరికీ అందనివి కావడంతో స్థానికంగా దొరికే ఔషధాల విలువను తెలుసుకోవడానికి ప్రయత్నించింది.

చర్చి చట్టము - 1936 అనుమతి

1917లో వెలువడిన చర్చి ధర్మశాస్త్రం ప్రకారం మఠవాసులు పోపు అనుమతి లేకుండా వైద్యము, శస్త్రచికిత్స చేయరాదు. మఠకన్యలు కాన్పులు చేయడాన్ని చర్చి పెద్దలు మరింత కఠినంగా వ్యతిరేకించేవారు. దీనివలన ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. పురుష వైద్యుని వద్దకు పోలేని స్త్రీకి సాయపడగలిగినది స్త్రీయే. ఆ ప్రాంతంలో ఉన్న స్త్రీలు మఠకన్యలే అయినచోట వారి చేతులు నియమంతో కట్టబడి ఉండేవి. మేరీ గ్లౌరీకి లభించినది ఒక వ్యక్తికి ఇచ్చిన మినహాయింపు మాత్రమే. అది ఇతరులకు వర్తించదు.

ఇదే సమస్యతో ఆస్ట్రియా దేశపు వైద్యురాలు డాక్టర్ అన్నా డెంగెల్ 1925లో అమెరికాలో వైద్యసేవకే అంకితమైన సభను స్థాపించింది. చివరకు 1936 ఫిబ్రవరి 11న రోములోని మతవ్యాప్తి శాఖ ఒక ఆదేశం వెలువరించింది. మఠకన్యలు వైద్యవిద్య, ప్రసూతి శాస్త్రం అభ్యసించి తల్లులకు, శిశువులకు సేవ చేయవచ్చునని అందులో పేర్కొన్నారు. ఆగ్నెస్ మెక్‌లారెన్ మరణించిన 23 సంవత్సరాలకు ఆమె కోరిక నెరవేరింది. అప్పటికి మేరీ గుంటూరులో 16 సంవత్సరాలుగా అదే పని చేస్తూ ఉంది.

ఆసుపత్రుల సంఘ స్థాపన

దేశంలో కాథలిక్ మఠాలు నడిపే ఆసుపత్రులు, మందుల గదులు అనేకం ఉన్నా అవి ఒకదానితో ఒకటి సంబంధం లేక విడివిడిగా పనిచేసేవి. వీటిని ఏకం చేయడానికి 1943 జులై 29న 16 మంది మఠకన్యలతో కలిసి మేరీ ఒక సంఘాన్ని ప్రారంభించింది. నర్సుల శిక్షణ ప్రమాణాలు, వైద్య నీతి, ఆసుపత్రుల పరస్పర సహకారం ఈ సంఘపు ముఖ్య విషయాలు. దేశంలో ఒక కాథలిక్ వైద్య కళాశాల ఉండాలన్నది ఈమె చిరకాల వాంఛ. 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైంది. కాని దానిని చూడటానికి ఈమె జీవించి లేదు.

చివరి రోజులు

జీవితమంతా రోగుల పక్కన నిలిచిన మేరీ చివరి సంవత్సరాలలో తానే క్యాన్సర్ రోగి అయింది. తీవ్రమైన బాధతో బెంగుళూరులో ఇతరుల సేవ పొందుతూ 1957 మే 5న మరణించింది. అప్పటికి ఈమె వయస్సు 69 సంవత్సరాలు. భారతదేశంలో గడిపినది 37 సంవత్సరాలు.

ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినము

మఠకన్యల వైద్యసేవకు అనుమతి వెలువడిన ఫిబ్రవరి 11వ తేదీ కాథలిక్కులకు లూర్దు మాత పండుగ రోజు. 1858లో ఆ రోజున ఫ్రాన్సులోని లూర్దు గ్రామంలో బెర్నదెత్ అనే బాలికకు మరియమాత దర్శనమిచ్చిందని వారి విశ్వాసం. స్వస్థత కోరే యాత్రికులకు లూర్దు ప్రసిద్ధ క్షేత్రమైంది. 1992 మే 13న రెండవ జాన్ పాల్ పోపు ఈ తేదీని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించాడు. 1993లో మొదటిసారి లూర్దులో దీనిని జరిపారు.

ఈ రోజున చర్చిలలో, ఆసుపత్రులలో దివ్యపూజ జరిపి రోగుల కొరకు ప్రార్థిస్తారు. కోరినవారికి తైలంతో అభిషేకం చేస్తారు. వైద్యులు, నర్సులు, ఇంటివద్ద రోగిని కనిపెట్టుకొని ఉండే బంధువులు కూడా ఈ ప్రార్థనలో భాగమే. రోగిని చూసుకునేవారి అలసటను కూడా స్మరించడం ఈ దినపు ప్రత్యేకత. ఈ దినపు ప్రధాన ఉత్సవం భారతదేశంలో 2002లో తమిళనాడులోని వేలాంకన్నిలోను, 2019లో కోల్‌కతాలోను జరిగింది.

గుర్తింపు

మేరీ స్థాపించిన సంఘం ప్రధాన కార్యాలయం సికింద్రాబాదులో ఉంది. దేశవ్యాప్తంగా 3,000కు పైగా ఆరోగ్య సంస్థలు, సామాజిక సేవా సంస్థలు ఇందులో సభ్యులుగా ఉన్నాయి. వీటిలో పెద్ద ఆసుపత్రులతో పాటు మారుమూల గ్రామాల చిన్న వైద్యశాలలు కూడా ఉన్నాయి. గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి జె.ఎం.జె. సభ నిర్వహణలో సేవలు కొనసాగించింది. 2013లో కాథలిక్ చర్చి ఈమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలిగా గుర్తించే ప్రక్రియలో ఇది మొదటి మెట్టు.