రాతి పొరలను చదివిన ఆచార్యుడు: బీర్బల్ సాహ్ని

ఝార్ఖండ్ రాష్ట్రంలోని రాజ్‌మహల్ కొండలు అగ్నిపర్వతాల లావా వలన ఏర్పడినవి. సుమారు 11 కోట్ల 70 లక్షల సంవత్సరాల క్రితం ఒక లావా ప్రవాహం చల్లారి మరొకటి వచ్చేలోగా, పల్లపు నేలలలో బురద, బూడిద పొరలుగా పేరుకొన్నాయి. ఆ అవక్షేప శిలలలో నాటి ఆకులు, కాండాలు, విత్తనాలు శిలాజాలుగా నిలిచాయి. సిలికా కలిసిన నీరు ఇంకడం చేత కొన్నింటిలో కణాల రూపం సైతం చెదరలేదు. ఆ శిలాజాలను ఏళ్ల తరబడి పరిశోధించిన మహనీయుడు బీర్బల్ సాహ్ని.

ఆయన 1891 నవంబరు 14న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న భేరాలో జన్మించారు. తండ్రి రుచిరామ్ సాహ్ని రసాయనశాస్త్ర ఆచార్యులు. లాహోర్‌లో పట్టభద్రులై, 1911లో కేంబ్రిడ్జికి వెళ్లి ఆచార్య సీవర్డ్‌కు శిష్యులయ్యారు. స్వదేశానికి తిరిగివచ్చి, 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖాధిపతిగా బాధ్యతలు స్వీకరించారు.

రాతిలో చెట్టు మొత్తంగా లభించడం అరుదు. ఆకు ఒకచోట, కాండం మరొకచోట, కాయ వేరొకచోట దొరుకుతాయి. అందుచేత ఒకే మొక్క భాగాలకు వేర్వేరు పేర్లు ఏర్పడుతూ వచ్చాయి. సాహ్ని శిలాజాలను పలుచని రేకులుగా కోసి, అరగదీసి, సూక్ష్మదర్శినితో పరిశీలించి, వాటి బాంధవ్యాన్ని ఓర్పుతో నిర్ణయించారు. 1932లో రాజ్‌మహల్ శిలాజాల ఆధారంగా ఒక ప్రాచీన వృక్షానికి సమగ్రరూపం కల్పించి, తమ గురువు పేరిట దానికి విలియమ్‌సోనియా సీవర్డియానా అని నామకరణం గావించారు. విడివిడిగా దొరికిన కాండాలు, ఆకులు, కాయలు ఒకే వృక్షకుటుంబానికి చెందినవని నిరూపించి, 1948లో పెంటాక్సిలీ అనే కొత్త వర్గాన్ని లోకానికి పరిచయం చేశారు. అంతకు పూర్వమే, 1936లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

శిలావృక్షశాస్త్రానికి ప్రత్యేక సంస్థ ఉండాలన్నది ఆయన చిరకాల వాంఛ. 1949 ఏప్రిల్ 3న లక్నోలో ప్రధాని నెహ్రూ ఆ సంస్థ భవనానికి శంకుస్థాపన చేశారు. శిలాజాలను పొదిగి ఆ శంకుస్థాపన శిలను రూపొందించినవారు సాహ్నియే. వారం రోజులకే, ఏప్రిల్ 10న, 57 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు.

పునాది వద్దనే ఆగిపోవలసిన ఆ కార్యాన్ని సతీమణి సావిత్రీ సాహ్ని తమ భుజాలకెత్తుకొన్నారు. భవనం పూర్తయి 1953లో ప్రారంభమైంది. 1969 వరకు ఆమె సంస్థను నడిపించారు. ఆయన పేరు ధరించిన ఆ సంస్థలో నేటికీ పరిశోధన సాగుతున్నది. తునకలను ఓర్పుతో కూర్చి సమగ్రరూపం దర్శించడం ఆచార్యుని విద్య. మధ్యలో నిలిచిన పనిని పూర్తిచేయడం ఆ ఇల్లాలి దీక్ష. ఈ రెండూ విద్యార్థులకు శిరోధార్యాలు.