ఒక్క బిట్ తాళం

ఓఎస్ ల్యాబ్‌లో నా సి ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటూ ఆగిన ప్రతిసారీ మెషీన్‌ని తిట్టుకునేవాణ్ణి. టామ్ కిల్‌బర్న్ గురించి చదివాక తిట్టడం కాస్త తగ్గింది.

ఆయన 1921లో ఇంగ్లండ్‌లోని డ్యూస్‌బరీలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో లెక్కలు చదివి, యుద్ధకాలంలో రాడార్ పరిశోధనలో చేరారు. ఆ తర్వాత బతుకంతా మాంచెస్టరే. 1948 జూన్ 21న ఆయన రాసిన ప్రోగ్రామ్ బేబీ అనే యంత్రంలో నడిచింది. ఎలక్ట్రానిక్ మెమరీలో దాచుకున్న ప్రోగ్రామ్ నడవడం ప్రపంచంలో అదే మొదలు. ఉన్న మెమరీ 32 పదాలు, అదంతా ఒక్క ప్రోగ్రామ్‌దే. పక్కవాడి గొడవే లేదు.

గొడవ 1962లో అట్లాస్‌తో వచ్చింది. అంత ఖరీదైన యంత్రం ఖాళీగా ఉండకూడదని పలువురి ప్రోగ్రాములు ఒకేసారి మెమరీలో పెట్టేవారు. నాలాంటోడు ఒక తప్పు అడ్రస్ రాస్తే పక్కవాడి డేటా గతేంటి?

కిల్‌బర్న్ బృందం కోర్ మెమరీని 512 పదాల పేజీలుగా కోసింది. మాంచెస్టర్ యంత్రంలో అలాంటివి 32. ఒక్కో పేజీకి ఒక రిజిస్టర్, అందులో ఏ బ్లాక్ ఉందో చెప్పే నంబరు, దాని పక్కన లాకౌట్ అనే ఒక్క బిట్. సూపర్‌వైజర్ ఆ బిట్ పెట్టిందంటే, డేటా అక్కడే ఉన్నా నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ఆ పేజీ లేనట్టే. చెకింగంతా హార్డ్‌వేర్‌లోనే. నాకైతే ఇది బేబీ కన్నా పెద్ద పని అనిపిస్తుంది, పేరు మాత్రం బేబీకే వచ్చింది.

1964లో మాంచెస్టర్‌లో బ్రిటన్‌లోనే మొదటి కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ పెట్టి ఆయనే నడిపారు. మాంచెస్టర్ యునైటెడ్ అంటే పిచ్చి అభిమానం. 1981లో రిటైరయ్యారు, 2001 జనవరిలో పోయారు.