శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ

పదవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు కార్డోబా నగరం సకల విద్యలకు ఆలవాలమై విలసిల్లింది. ఆ నగర సమీపంలో ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936 ప్రాంతంలో మదీనతుజ్జహ్రా అనే రాజధానీ నగర నిర్మాణానికి పూనుకొన్నారు. ఇంచుమించు అదే కాలంలో అక్కడ జన్మించిన మహావైద్యుడు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్నె అబ్బాస్. పుట్టిన ఊరి పేరే ఇంటిపేరై ఆయన జహ్రావీ అని ప్రసిద్ధులైనారు. పూర్వీకులు మదీనా అన్సారులు. లాటిను పండితుల నోట అబుల్ ఖాసిం అనే పేరు అబుల్‌కాసిస్‌గా మారింది.

ఆయన జీవిత విశేషాలు మనకు దక్కినవి బహు స్వల్పం. 1009లో చెలరేగిన అంతర్యుద్ధంలో మదీనతుజ్జహ్రా నేలమట్టమైంది. ఆయన కూడ 1013 ప్రాంతంలో పరమపదించారు. నగరం పోయింది, గ్రంథం మిగిలింది. సుమారు క్రీ.శ. 1000 నాటికి పూర్తయిన ఆ ‘తస్రీఫ్’ ముప్పది భాగాల మహాగ్రంథం. దాని చివరి భాగం శస్త్రవైద్యం. ఇంచుమించు రెండు వందల పనిముట్ల బొమ్మలు అందులో గీసి చూపారు. శరీర నిర్మాణం తెలియకనే కత్తి పట్టేవారిని చూచి ఆయన మిక్కిలి బాధపడ్డారు. పన్నెండవ శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డు ఈ భాగాన్ని లాటినులోనికి అనువదించగా, ఐరోపా వైద్యులు శతాబ్దాల తరబడి దానిని పఠించారు.

మేమిక్కడ ముఖ్యంగా ముచ్చటింపదలచినది దంతాలను గురించి ఆయన చేసిన కృషి. పంటిని పెరికే ముందు నొప్పి ఏ పంటిదో నిశ్చయంగా తెలుసుకోవాలని ఆయన గట్టిగా హెచ్చరించారు. బాధలో ఉన్న రోగి మంచి పంటినే చూపవచ్చును. మంగలి దానిని లాగివేస్తాడు. నొప్పి మాత్రం అట్లే ఉంటుంది! పళ్ళకు పట్టిన గారను గీకడానికి ఆయన పదునాలుగు రకాల గీకుడు కత్తులను చిత్రించారు.

కదిలే పళ్ళను పక్కనున్న గట్టి పళ్ళతో కలిపి తీగతో అల్లి కట్టే విధానాన్ని ఆయన ఎంతో శ్రద్ధతో వర్ణించారు. తీగ మరీ లావు కారాదు, మరీ సన్నమూ కారాదు. కొసలను కత్తిరించి, మెలిపెట్టి, నాలుకకు గుచ్చుకొనకుండ పళ్ళ సందున దాచాలి. తీగ వెండిది కాక బంగారపుదై ఉండాలన్నారు, వెండి కొద్ది దినాలకే పచ్చబడుతుందని. ఈ మాట బందరు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. చిలకలపూడి నగపై బంగారు పూత అరిగి, లోని రాగి చెమటకు చిలుము పట్టడం మనమెరిగినదే.

పన్ను ఊడిపోతే దానినే తిరిగి నిలిపి కట్టవచ్చునని, లేదా ఎద్దు ఎముకను పంటి ఆకారంలో చెక్కి ఆ చోట నిలిపి తీగతో బిగింపవచ్చునని ఆయన సూచించారు. ఇరుగు పళ్ళ ఆసరాతో నిలిచే నేటి బ్రిడ్జికి ఇది తాత వంటిదని మా అభిప్రాయం.

నేడు బందరులోను, గుడివాడలోను, అవనిగడ్డలోను పన్ను పోయిన వారి ముందు రెండు దారులున్నవి. బ్రిడ్జి కొద్ది వారాలలో ముగుస్తుంది, ఖర్చు తక్కువ. కాని సాధారణంగా దానికోసం ఇరుపక్కల పళ్ళను అరగదీయాలి. నిక్షేపంగా ఉన్న పంటిని అరగదీస్తే మరల రాదు. పైగా ఖాళీ చోట ఎముక క్రమంగా కుంగుతుంది. రెండవది ఇంప్లాంటు. స్వీడన్ దేశీయుడు బ్రోనెమార్క్ 1952లో కుందేటి ఎముకపై పరిశోధిస్తూ టైటానియం లోహం ఎముకతో ఏకమై పోవడం కనుగొన్నారు. 1965లో తొలిసారిగా ఒక రోగి దవడలో దానిని నాటారు. ఇది పక్క పళ్ళ జోలికి పోదు. కాని ఎముక పట్టుకొనడానికి కొన్ని నెలలు ఆగాలి, సొమ్ము ఎక్కువ కావాలి. అదుపులేని మధుమేహం, చుట్టా బీడీల అలవాటు ఉన్నవారికి అది విఫలమయ్యే ప్రమాదం హెచ్చు. పక్క పళ్ళకు ముందే తొడుగులున్నచో బ్రిడ్జియే ఉచితం కావచ్చును. అవి చెక్కుచెదరక ఉంటే, ఎముక బలంగా ఉంటే, దివిసీమ రైతు మరొక పంట వచ్చేదాకా ఆగి ఇంప్లాంటు వేయించుకొనడమే మేలని మాకు తోస్తుంది. గన్నవరం చెంత చినఅవుటపల్లిలో దంతవైద్య కళాశాల ఉండగా, పళ్ళను అరగదీయించుకొనే ముందు అక్కడ ఎక్స్‌రే తీయించి మరొక మాట అడగడానికి దూరభారమేమీ లేదు.

జహ్రావీ కాలంలో ఈ ఎంపిక లేదు. అయినా ఈ పనిని నేర్పరియైన మృదుహస్తుడే చేయాలని ఆయన ఆనాడే నియమం పెట్టారు. కార్డోబాలో ఒక వీధి నేటికీ ఆయన లాటిను పేరుతో ఉన్నది.