డాక్టరు సొలొమోను కార్టరు ఫుల్లరు

వృద్ధుల జ్ఞాపకశక్తిని హరించు ఆల్జీమరు వ్యాధి పేరు నేడు మన పల్నాటియందును వినబడుచున్నది. ఆ వ్యాధిని తొలినాళ్లలో శోధించినవారిలో డాక్టరు ఫుల్లరు ఒకరు.

ఆయన 1872వ సంవత్సరమున ఆఫ్రికాయందలి లైబీరియా దేశమున జన్మించెను. ఆయన తాత అమెరికాలో బానిసగానుండి, ధనమిచ్చి తన స్వేచ్ఛను కొనుక్కొనినవాడు. తల్లి పిల్లలకు బడి నడపెను. 1889లో ఫుల్లరు అమెరికా చేరి, నల్లజాతివారికై క్రైస్తవ సంఘము నెలకొల్పిన లివింగ్‌స్టను కళాశాలలో చదివి, 1897లో బోస్టను విశ్వవిద్యాలయమున వైద్యపట్టమునొందెను.

పిమ్మట వెస్టుబరో మానసిక చికిత్సాలయమున చేరి, మృతుల మెదడులను సూక్ష్మదర్శినితో పరీక్షించుచుండెను. 1904లో జర్మనీకేగి, మ్యూనికు నగరమున ఆల్జీమరు పండితునియొద్ద పరిశోధన నేర్చెను. 1912లో ఆ వ్యాధినిగూర్చి అంతవరకు తెలిసిన సంగతులన్నిటిని సమీక్షించి ప్రకటించెను.

1923లో, నల్లజాతివారి టస్కీగీ విద్యాలయము చెంత, ఆ జాతి మాజీ సైనికులకొక ఆస్పత్రి వెలసెను. అందు పనిచేయవలసిన నల్లజాతి యువవైద్యులకు ఫుల్లరు నరముల వ్యాధులను, మనోవ్యాధులను గుర్తించుట నేర్పెను.

ఐనను, ముప్పది సంవత్సరములకు మించి తాను బోధించిన విశ్వవిద్యాలయమున ఆయనకు పూర్ణాచార్య పదవి లభింపలేదు. 1933లో తనకంటె క్రిందివాడగు తెల్లజాతీయునికి ఆ పదవి నొసగగా, ఆయన కొలువు విడిచెను. కడపట చూపు పోయినను వైద్యము మానక, 1953లో కీర్తిశేషుడయ్యెను.

విద్యార్థులారా, పదవి ఆయనకు దక్కలేదు. ఆయన నేర్పిన విద్య మాత్రము టస్కీగీ రోగులకు దక్కినది.