విక్టోరియా మహారాణి, స్కాట్లాండు నగలు

విక్టోరియా మహారాణి (1819 మే 24 – 1901 జనవరి 22) 1837 నుండి 1901 వరకు, అనగా 63 సంవత్సరాలకు పైగా, బ్రిటన్‌ను పరిపాలించిన రాణి. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించారు. కృష్ణాతీరాన కొల్లూరు గనిలో దొరికినదని ప్రతీతి గల కోహినూరు వజ్రం 1850లో ఆమె వశమైనది. అయితే ఆమె వలన బహుళ ప్రచారం పొందినవి వజ్రాల నగలు కావు, స్కాట్లాండు కొండలలో దొరికే సామాన్యమైన రాళ్ళతో చేసిన నగలు.

బాల్యం, వివాహం

ఈమె లండన్‌లోని కెన్సింగ్టన్ భవనంలో జన్మించినది. మరుసటి ఏడాదే తండ్రి ఎడ్వర్డ్ మరణించాడు. 1837 జూన్ 20న పెదతండ్రి నాలుగవ విలియం మరణించగా 18 ఏళ్ళ వయసులో రాణి అయినది. 1840 ఫిబ్రవరి 10న మేనమామ కుమారుడైన ఆల్బర్ట్‌ను వివాహమాడినది. వారికి తొమ్మండుగురు సంతానం.

స్కాట్లాండుతో అనుబంధం

స్కాట్లాండు ఉత్తర పర్వతప్రాంతపు సంప్రదాయ దుస్తులను 1745 నాటి తిరుగుబాటు తరువాత పురుషులు ధరించరాదని చట్టం చేశారు. 1782లో ఆ చట్టం రద్దయినది. అటుపిమ్మట వాల్టర్ స్కాట్ నవలలు, 1822లో నాలుగవ జార్జి ఎడింబరో పర్యటన ఆ ప్రాంతంపై మోజును కలిగించాయి. విక్టోరియా దానిని మరింత పెంచినది. ఆమె 1842లో తొలిసారి స్కాట్లాండు వెళ్ళినది. రాజదంపతులు 1848లో బాల్మొరల్ భవనాన్ని కౌలుకు తీసుకొని, 1852లో కొన్నారు. అక్కడ నిర్మించిన కొత్త కోట 1856లో పూర్తయినది.

వారికి నగలు కుటుంబ జ్ఞాపకాలు. 1847లో ఆర్డ్‌వెరికీలో ఆల్బర్ట్ పెద్ద కుమార్తెకు ఊడదీసిన పాలపన్నును, స్కాట్లాండు చిహ్నమైన తిసిల్ అనే ముళ్ళపువ్వు ఆకారంలో చేసిన బ్రోచిలో పువ్వు స్థానంలో పొదిగించారు. ఆల్బర్ట్ వేటాడిన జింకల పళ్ళతోను రాణికి హారం చేయించారు.

రాళ్ళు, పనితనం

ఈ నగలలో ముఖ్యమైనవి చారల అగేటు రాళ్ళు, కెయిర్న్‌గార్మ్ కొండల పేరుతో పిలువబడే పొగరంగు స్ఫటికం, అబర్డీన్ గ్రానైటు. రాళ్ళను పలుచని బిళ్ళలుగా కోసి, వెండి లేక బంగారు చట్రంలో రంగులు కలిసేటట్లు అమర్చి, లక్కతో అతికి, వెనుక పలకరాయిని ఉంచేవారు. రైలుమార్గాలు విస్తరించిన కొలదీ యాత్రికులు వీటిని జ్ఞాపకార్థం కొనసాగారు. గిరాకీ పెరగడంతో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లోను వీటిని చేశారు. జర్మనీ నుండి అగేటులను, బ్రెజిల్ నుండి స్ఫటికాలను తెప్పించారు. చాలా నగలపై ముద్రలు లేనందున, స్కాట్లాండు నగగా అమ్మబడినది ఎక్కడ తయారైనదో చెప్పడం కష్టం.

పర్వతప్రాంత ప్రజల స్థితి

ఈ మోజు సాగిన కాలంలోనే ఆ ప్రాంతపు రైతులు కడగండ్ల పాలయ్యారు. గొర్రెల పెంపకం లాభసాటి కావడంతో భూస్వాములు అనేక కుటుంబాలను తరతరాల ఊళ్ళ నుండి వెళ్ళగొట్టారు. 1846లో తెగులు వలన బంగాళదుంప పంట నాశనమై కరవు వచ్చినది. వేలాదిమంది కెనడా, ఆస్ట్రేలియాలకు వలస పోయారు. లండన్ స్త్రీలు ఆ కొండల రాళ్ళను ముచ్చటపడి ధరిస్తున్న రోజులలో, ఆ కొండల మనుషులు ఓడలెక్కుచున్నారు. ఈ నగల చరిత్రను చదివేవారు ఈ రెండింటినీ కలిపి చూడవలసి ఉన్నది.

వైధవ్యం, మరణం

1861 డిసెంబరు 14న ఆల్బర్ట్ మరణించాడు. నాటి నుండి జీవితాంతం రాణి నల్లని దుస్తులనే ధరించినది. ఇంగ్లాండులోని విట్బీలో దొరికే జెట్ అనే నల్లని పదార్థంతో చేసిన శోకసూచకమైన నగలు ప్రచారంలోకి వచ్చాయి. అయినా బాల్మొరల్‌ను ఆమె విడువలేదు. అక్కడి జీవితాన్ని గురించి ఆమె వ్రాసిన దినచర్య 1868లో పుస్తకంగా వెలువడి, స్కాట్లాండుపై పాఠకుల ఆసక్తిని నిలిపినది. 1901 జనవరి 22న ఆస్బర్న్ భవనంలో ఆమె మరణించినది. విండ్సర్ సమీపంలోని ఫ్రాగ్‌మోర్‌లో ఆమెను భర్త ప్రక్కనే సమాధి చేశారు.